నోటితో సరే అని సంతకం దగ్గర ఆగిపోతే: ఒహాయోలో పొలం కొన్న మనవాళ్లకు

సెప్టెంబరు చివర్లో ఇక్కడ విల్లంబులతో జింకల వేట మొదలవుతుంది. నా ఫోను మోత కూడా అప్పుడే మొదలు. కొలంబస్ చుట్టుపక్కల, డెలావేర్, యూనియన్ కౌంటీల్లో మనవాళ్లకు పొలాలు చూపించి కొనిపించడం నా పని. పది ఎకరాలు కొని, ఎవరో రైతుకు మొక్కజొన్నకో సోయాకో కౌలుకిచ్చి, పన్ను తగ్గించుకుని, శనివారం పిల్లలతో వెళ్లి గట్టు మీద ఫొటోలు దిగేవాళ్లు ఎక్కువ. ఫోనులో అడిగేది మాత్రం ఏటా ఒకటే.

"అన్నా, ఎవరో పికప్‌లో వచ్చాడు. మన పొలంలో జింకల్ని కొట్టుకుంటాడట, ఫారం మీద సంతకం పెట్టమంటున్నాడు. సరే వెళ్లు అన్నాను గానీ సంతకం పెట్టలేదు. మంచి పనే చేశాను కదా?"

లేదు తమ్ముడూ. సంతకం పెట్టినా బాగుండేది, వద్దని పంపేసినా బాగుండేది. నువ్వు ఆ రెండూ చేయలేదు.

ఇక్కడి చట్టం ప్రకారం ఇంకొకరి పొలంలో వేటాడాలంటే యజమాని రాసిచ్చిన అనుమతి ఉండాలి. యజమాని తరఫున అధికారం ఉన్న మనిషి రాసిచ్చినా చెల్లుతుంది. నోటి మాట చెల్లదు. ఆ కాగితం వేటగాడి జేబులో ఉండాలి, వైల్డ్‌లైఫ్ ఆఫీసర్ అడిగితే చూపించాలి. లేకపోతే మొదటిసారికే మూడో డిగ్రీ మిస్‌డిమీనర్ (చిన్న నేరాల్లో ఒక తరగతి) కింద కేసు. దానికి గరిష్ఠంగా 60 రోజుల జైలు, 500 డాలర్ల జరిమానా. అంటే ఆ రోజు నువ్వు సరే అన్న మాటను నమ్మి వచ్చిన మనిషి తెలియకుండానే నేరం చేస్తున్నాడు. ఇక నీ దగ్గరేముంది? ఎవరొచ్చారు, ఎంతమంది, ఏ రోజు, పొలంలో ఏ మూల, ఏదీ రాసి లేదు.

నాకు తెలిసిన ఒకాయన ఇలాగే పక్క పొలం ముసలాయనకు ఫోనులో ఓకే చెప్పాడు. ముసలాయన కొడుకును పంపాడు, కొడుకు ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకొచ్చాడు. థాంక్స్‌గివింగ్ అయిన సోమవారం, తుపాకీ సీజన్ మొదటి రోజు. ఆఫీసర్ ఆపి, యజమానికి ఫోన్ చేశాడు. మనవాడు ఆఫీసు మీటింగులో ఉన్నాడు. పోలీసు గొంతు వినగానే టెన్షన్‌లో "వాళ్లెవరో నాకు తెలియదు" అనేశాడు. ఒక రకంగా అబద్ధం కూడా కాదు. ఆ ముగ్గురికీ కేసు టికెట్లు పడ్డాయి. అప్పటిదాకా మంచు పడితే అడగకపోయినా ట్రాక్టర్‌తో దారి తుడిచిపెట్టే ముసలాయన మళ్లీ మాట్లాడలేదు. ఒక్క సంతకం పెట్టి ఉంటే ఇదేదీ జరిగేది కాదు.

ఎందుకు పెట్టరో నాకు తెలుసు, కోపం వచ్చినా అర్థం చేసుకోగలను. మొదటి భయం, వాడు చెట్టు మీద మంచె నుంచి పడి నడుం విరగ్గొట్టుకుంటే నా మీద దావా వేసి ఇల్లు లాక్కుంటాడని. వాట్సాప్ గ్రూపుల్లో ఈ కథ తిరుగుతూనే ఉంటుంది. ఎవరికి జరిగిందో చెప్పమంటే ఒక్కరూ చెప్పరు. ఒహాయో చట్టం దీనికి సరిగ్గా ఎదురు. డబ్బు తీసుకోకుండా వేటకో, చేపలకో, నడకకో పొలంలోకి రానిచ్చిన మనిషిని చట్టం 'రిక్రియేషనల్ యూజర్' అంటుంది. అతని కోసం పొలాన్ని ప్రమాదం లేకుండా ఉంచే బాధ్యత యజమానికి లేదు. అనుమతి ఇచ్చినంత మాత్రాన 'ఇక్కడంతా భద్రం' అని హామీ ఇచ్చినట్టు కాదు. అతను చేసిన పని వల్ల ఇంకెవరికైనా దెబ్బ తగిలితే దాన్ని నెత్తినేసుకున్నట్టూ కాదు. అలాగని కావాలని గొయ్యి తవ్వి ఆకులు కప్పితే చట్టం కాపాడుతుందనుకోకండి. అది వేరే సంగతి. ఆ కాగితం అతనికి అనుమతి ఉందని చెప్పే రుజువు, అంటే ఈ రక్షణ మీకు వర్తిస్తుందని చెప్పే రుజువు కూడా. డబ్బు తీసుకుని ఇచ్చే పద్ధతైతే మాత్రం ఈ ఒక పేజీ ఫారంతో సరిపెట్టకండి. లాయర్‌తో లీజు రాయించుకోండి, ఇన్సూరెన్స్ ఏజెంటుకు చెప్పండి.

రెండో భయం మన ఊళ్ల నుంచి తెచ్చుకున్నది. మా నాన్న ఒక అక్టోబరులో ఇక్కడే ఉన్నాడు. నా పొలం కోసం ఒకాయన ఫారం పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి నాన్న కుర్చీలోంచి లేచి, తెలుగులోనే, "ఒరేయ్, పెట్టకు" అన్నాడు. మా తాతను నమ్మించి ఎవరో తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారని, అర ఎకరం కోసం పన్నెండేళ్లు కోర్టు చుట్టూ తిరిగామని చిన్నప్పటి నుంచి విన్న కథే మళ్లీ చెప్పాడు. వచ్చినాయన టోపీ చేతిలో పట్టుకుని పాపం నిలబడే ఉన్నాడు.

నాన్నకు అప్పుడు చెప్పిందే మీకూ చెప్తున్నా. కబ్జా భయం ఉన్నవాడే ముందు సంతకం పెట్టాలి. భూమి ఇన్నేళ్లుగా మా అనుభవంలోనే ఉందని చూపించి హక్కు అడగాలంటే మన దగ్గర పన్నెండేళ్లు, ఒహాయోలో ఇరవై ఒక్క ఏళ్లు. ఎక్కడైనా ఆ అనుభవం యజమాని అనుమతి లేకుండా సాగి ఉండాలి. 'నేనే రానిచ్చాను' అని మీ సంతకంతో కాగితం ఉంటే ఆ వాదనకు మొదట్లోనే గండి పడుతుంది. ఏ కాగితమూ లేకుండా ఏళ్ల తరబడి మీ గట్టు మీదుగా బండి నడిపే వాడి గురించి కదా భయపడాల్సింది! నాన్న కాసేపు ఆలోచించి, "అయితే తేదీ వెయ్యి, ఎప్పటిదాకానో కూడా వెయ్యి" అన్నాడు. ఈ విషయంలో నేను విన్న సలహాల్లో అదే మంచిది.

ఆ ఫారం రాష్ట్ర వైల్డ్‌లైఫ్ విభాగం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఈ ఒక్క సీజన్‌కే అని తేదీలు రాయండి. మనిషికో ఫారం. 'అతనూ, స్నేహితులూ' అని రాయొద్దు. విల్లు మాత్రమేనా తుపాకీ కూడానా, ఇంటికి ఎంత దూరంలో ఉండాలి, బండి నంబరు ఏంటి, అన్నీ రాసి ఫోనులో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. సంతకానికి ముందు కౌలు అగ్రిమెంటు ఒకసారి తిరగేయండి. వేట హక్కు కౌలుదారుకు ఇచ్చేసి, మర్చిపోయి మళ్లీ ఇంకొకరికి సంతకం పెట్టినవాళ్లు ఉన్నారు.

మిగతావి గబగబా. 'బోర్డు పెట్టలేదు కాబట్టి ఎవరైనా రావచ్చు' అన్నది తప్పు. బోర్డు ఉన్నా లేకపోయినా రాతపూర్వక అనుమతి కావాల్సిందే. 'దెబ్బతిన్న జింక పక్క పొలంలోకి పోతే వెంటపడి వెళ్లొచ్చు' అన్నదీ తప్పే. ఆ పక్కాయనను కూడా అడగాలి.

'నా పొలమే కదా, నాకు లైసెన్స్ అక్కర్లేదు' అన్నది సగం నిజం. ఒహాయోలో ఉండే యజమాని, భార్య లేదా భర్త, పిల్లలు సొంత పొలంలో లైసెన్స్ లేకుండా వేటాడొచ్చు. బావమరిదికి ఆ మినహాయింపు లేదు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు ఇక్కడ ఒక నిమిషం ఆగండి. ఆ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. దానికున్న మినహాయింపుల్లో ఒకటి చేతిలో వేట లైసెన్స్ ఉండటం. రాష్ట్రం అక్కర్లేదంది కదా అని లైసెన్స్ మానేస్తే ఆ మినహాయింపూ పోతుంది. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్లు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా తుపాకీ ముట్టుకోకండి. స్నేహితుడిది కూడా.

చివరిగా, 'సంతకం పెడితే ఆ పాపం మనకు చుట్టుకుంటుంది కదా అన్నా' అని అడిగేవాళ్లు. దీనికి నేను వాదించను. మా ఇంట్లో అమ్మ ఇప్పటికీ ఆ ఫారం దేవుడి గదివైపు పెట్టనివ్వదు. మనసొప్పకపోతే వద్దని చెప్పండి. కారణం కూడా చెప్పక్కర్లేదు. టోపీ సర్దుకుని, థాంక్యూ చెప్పి వెళ్లిపోతారు. 'చూద్దాంలే' అని మాత్రం అనకండి. అది మన భాషలో వద్దని అతనికి తెలియదు. వచ్చే శనివారం మళ్లీ వచ్చి తలుపు కొడతాడు.