చుక్క కడుపు బాగోలేనప్పుడు

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మొన్న రాత్రి ఫోన్లో మీరిద్దరూ ఒకేసారి మాట్లాడేసరికి నాకు సగమే అర్థమైంది. మీ కుక్క చుక్క రెండుసార్లు కక్కుకుందనీ, తర్వాత నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయనీ చెప్పి, ఇంట్లో ఉన్న కడుపునొప్పి మాత్రలో అరముక్క వేయవచ్చా అని అడిగారు. వేయొద్దన్నాను, ముందు డాక్టరుకు ఫోన్ చేయమన్నాను. అది ఇప్పుడు తోక ఊపుకుంటూ ఇల్లంతా తిరుగుతోందని విన్నాక నా మనసు కుదుటపడింది. ఆ టెన్షన్‌లో చెప్పలేకపోయినవన్నీ ఇప్పుడు నిదానంగా రాస్తున్నాను. ఈ ఉత్తరం దాచుకోండి. కుక్కను పెంచే ఇంటికి ఈ కష్టం ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ వస్తుంది.

నేను మీ వయసులో ఉన్నప్పుడు మా ఇంట్లో మోతీ అనే కుక్క ఉండేది. ఒకరోజు సాయంత్రం తిన్నదంతా కక్కేసి మూలన పడుకుంది. కడుపు ఖాళీ అయిపోయింది, పాపం ఆకలేస్తుందేమోనని గిన్నెడు పాలు పోశాను. తాగింది, కక్కింది. దాహమేమోనని గిన్నె నిండా నీళ్లు పెట్టాను. గడగడా తాగింది, అవీ కక్కింది. నేను మళ్లీ పెట్టాను. రాత్రంతా ఇదే పని. తెల్లవారేసరికి అది లేచి నిలబడలేకపోయింది. డాక్టరు సెలైన్ ఎక్కిస్తూ నాతో ఒక మాటన్నారు: "నువ్వు ప్రేమతో పెట్టిన ప్రతిదీ దాని కడుపుకు ఇంకో పని అయింది బాబూ." మోతీ బతికింది. కానీ ఆ రాత్రి నేను ఏమీ పెట్టకుండా పక్కన కూర్చుని ఉంటే దానికి అంత బాధ తప్పేదని ఇప్పటికీ అనిపిస్తుంది. మీకు నేను చెప్పదలచుకున్నది కూడా అదే. కడుపు చెడిన కుక్కకు ఏం పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. ఏమీ పెట్టకుండా, కళ్లు తిప్పకుండా దాన్ని గమనించడం మొదటి పని.

ఎందుకంటే వాంతి, విరేచనం చాలాసార్లు రోగం కాదు. లోపలికి పోకూడనిది పోతే శరీరం దాన్ని బయటికి గెంటేసే పద్ధతి అది. కుక్క ఏ వస్తువునైనా ముందు వాసన చూస్తుంది, తర్వాత నోట పెడుతుంది. చెత్తబుట్టలో పారేసిన కొవ్వు మాంసం, పాడైన తిండి, ఒక్కసారిగా మార్చిన కొత్త ఆహారం, ఏదైనా చాలు. ఆరోగ్యంగా ఉన్న, ఎదిగిన కుక్క ఒకటి రెండుసార్లు కక్కినా, కాస్త పలచగా విరేచనమైనా, హుషారు తగ్గకుండా నీళ్లు తాగుతూ ఉంటే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో అదే సర్దుకుంటుంది. ఈలోగా దాని కడుపుకు విశ్రాంతి ఇవ్వాలి.

ముందు నీళ్ల సంగతి. మామూలు రోజుల్లో కుక్కకు కిలో బరువుకు సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. అంటే 10 కిలోల కుక్కకు రోజుకు అర లీటరు పైన. విరేచనాలు అవుతుంటే ఇంకా ఎక్కువే కావాలి. అందుకని విరేచనాలు మాత్రమే ఉన్న కుక్క ముందు నుంచి నీళ్ల గిన్నె ఎప్పుడూ తీయకండి. వాంతులు అవుతుంటే మాత్రం ఒకటి రెండు గంటలు ఆగి, తర్వాత కొద్దికొద్దిగా, ప్రతి అరగంటకు రెండు మూడు చెంచాలు పోయండి. ఐసు ముక్క నాకనిచ్చినా మంచిదే. సాగిన కడుపు మళ్లీ కక్కిస్తుంది కాబట్టి గిన్నె నిండా ఒకేసారి వద్దు. ఆ చెంచాడు నీళ్లు కూడా నిలవకపోతే ఇక ఇంటి వైద్యం అయిపోయినట్టే, డాక్టరు దగ్గరికి బయల్దేరాలి.

పాలు ఎందుకు వద్దో కూడా తెలుసుకోండి. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను జీర్ణం చేసే శక్తి ఎదిగిన కుక్కల్లో చాలావాటికి తక్కువగా ఉంటుంది. జీర్ణం కాని ఆ చక్కెర పేగుల్లోకి నీటిని లాగుతుంది. విరేచనాలు పెరుగుతాయి.

ఇక తిండి. కక్కుతున్న ఎదిగిన కుక్కకు 6 నుంచి 12 గంటలు ఏమీ పెట్టకపోయినా ఫర్వాలేదు. అంతకుమించి డాక్టరును అడగకుండా పస్తు పెట్టకండి. ఈ మాట కుక్కపిల్లలకు వర్తించదు, బాగా చిన్న జాతి కుక్కలకూ వర్తించదు. వాటి ఒంట్లో నిల్వ తక్కువ. కొన్ని గంటలు తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి వణుకు, మత్తు, మూర్ఛ కూడా రావచ్చు. ముసలి కుక్క, కడుపుతో ఉన్న కుక్క, షుగరు జబ్బున్న కుక్క విషయంలోనూ మొదటి పని డాక్టరుకు ఫోన్ చేయడమే. వాంతులు లేకుండా ఒట్టి విరేచనాలే అయితే ఒకప్పుడు రోజంతా పస్తు ఉంచమనేవారు. ఇప్పుడు డాక్టర్లు అలా చెప్పడం తగ్గింది. పేగు లోపలి పొర తనలోంచి వెళ్లే ఆహారం నుంచే చాలావరకు పోషణ తీసుకుంటుంది కాబట్టి, తేలికైనది కొంచెం కొంచెం పెడితేనే త్వరగా కోలుకుంటుంది.

ఆ తేలికైన తిండి ఎలా ఉండాలంటే, చర్మం, ఎముక తీసేసిన కోడిమాంసం ఒట్టి నీళ్లలో ఉడికించాలి. నూనె, ఉప్పు, కారం ఏవీ పడకూడదు. ఉల్లి, వెల్లుల్లి అయితే అసలే వద్దు, అవి కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. మెత్తగా వండిన తెల్లన్నం రెండు వంతులు, సన్నగా చిదిమిన మాంసం ఒక వంతు కలపండి. కొవ్వు ఉంటే ఆహారం కడుపులో ఎక్కువసేపు నిలిచిపోతుంది, అందుకే ఈ చప్పిడి కూడు. మొదటిసారి ఒకటి రెండు చెంచాలే పెట్టి రెండు గంటలు చూడండి. నిలిస్తే ఇంకొంచెం. మొదటి రోజు అది రోజూ తినేదాంట్లో సగానికి మించకుండా, నాలుగైదు సార్లుగా పెట్టండి. ఉడికించిన గుమ్మడి ముద్ద చిన్న కుక్కకు ఒక చెంచా, పెద్దదానికి మూడు నాలుగు చెంచాలు కలిపితే అందులోని పీచు విరేచనం గట్టిపడడానికి సాయపడుతుంది. విరేచనం మామూలుగా వచ్చాక మూడు నాలుగు రోజుల్లో మెల్లగా పాత తిండి కలుపుతూ మార్చండి. ఈ అన్నం, మాంసమే వారాల తరబడి పెట్టడం మంచిది కాదు, అందులో కాల్షియం వంటివి దానికి చాలవు.

మీరు అడిగిన మాత్ర దగ్గరికి వస్తాను. మనుషుల మందును తగ్గించి ఇస్తే కుక్క మందు అయిపోదు. పారాసిటమాల్ కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఐబూప్రొఫెన్ కడుపులో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలను పాడుచేస్తుంది. విరేచనాలు ఆపే లోపరమైడ్ మామూలుగా మెదడులోకి వెళ్లదు. కానీ కోలీ వంటి కొన్ని జాతి కుక్కల్లో ఎండీఆర్1 అనే జన్యువులో మార్పు ఉంటుంది, వాటిలో మెదడులోకి చేరిపోయి ప్రమాదం తెస్తుంది. బిస్మత్ కలిసిన మందు విరేచనాన్ని నల్లగా చేసేస్తుంది, అప్పుడు లోపల రక్తం పోతుంటే ఆ నలుపును ఎలా గుర్తుపడతాం? పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ కూడా వద్దు. మామూలు విరేచనాలు చాలావరకు అది లేకుండానే తగ్గుతాయి, పైగా అది పేగులోని మంచి బ్యాక్టీరియాను చంపేస్తుంది.

ఉప్పునీళ్లు తాగించి కక్కించమని ఎవరైనా చెబితే వినకండి. ఉప్పు ఎక్కువై ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. పదునైన వస్తువో, యాసిడ్ వంటిదో మింగి ఉంటే బయటికొచ్చేటప్పుడు గొంతును రెండోసారి గాయపరుస్తుంది. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చక్కెర లేని చూయింగ్ గమ్ తిన్నదని తెలిస్తే వాంతుల కోసం ఎదురుచూడొద్దు. ఆ గమ్‌లో తీపి కోసం కలిపే జైలిటాల్ అరగంటలోనే రక్తంలో చక్కెరను పడగొట్టగలదు. ఖాళీ కవరు చేత్తో పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఏ గుర్తులు కనిపిస్తే ఆగకూడదో జాగ్రత్తగా చదవండి. వాంతులు ఆగకుండా అవడం, విరేచనాలు ఒక రోజు దాటినా ఏమాత్రం తగ్గుముఖం పట్టకపోవడం, రక్తం కనిపించడం, విరేచనం తారులా నల్లగా జిగటగా రావడం, పిలిచినా తల ఎత్తకపోవడం. ముందు కాళ్లు కిందికి చాపి వెనుక భాగం పైకెత్తి నిలబడుతుంటే కడుపులో గట్టి నొప్పి ఉందన్నమాట. అన్నిటికన్నా భయంకరమైనది ఇంకొకటుంది: పొట్ట డోలులా ఉబ్బి, కక్కాలని ఎంత ఓకరించినా ఏమీ రాకపోవడం. ఛాతీ లోతుగా ఉండే పెద్ద కుక్కల్లో గాలి నిండిన కడుపు మెలిపడిపోతుంది. అప్పుడు గంటలు కాదు, నిమిషాలు కూడా లెక్కే. అర్ధరాత్రి అయినా పెద్దవాళ్లను లేపండి.

కుక్కపిల్లకు వాంతులతో పాటు దుర్వాసనతో రక్త విరేచనాలు వస్తే పార్వో వైరస్ కావచ్చు. 1978 ప్రాంతంలో బయటపడి దేశదేశాల్లో లెక్కలేనన్ని కుక్కపిల్లలను చంపిన జబ్బు అది. దానికి టీకా ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, కనీసం పదహారు వారాలు నిండేదాకా మళ్లీ మళ్లీ వేయించాలి. ఒక్కటి వేయించి మానేసినవాళ్ల ఇళ్లలో జరిగింది చూశాను కాబట్టి ఇంతగా చెబుతున్నాను.

ఒంట్లో నీరు తగ్గిందో లేదో మీరే చూడవచ్చు. చుక్క మంచి మూడ్‌లో ఉన్నప్పుడు ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి. పెదవి కొంచెం ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. చిగురు తడిగా జారుతూ ఉండాలి, వేలికి అంటుకోకూడదు. భుజాల మీద చర్మం పట్టి ఎత్తి వదిలితే వెంటనే సర్దుకోవాలి. బాగున్నప్పుడు ఎలా ఉంటుందో తెలిస్తేనే బాగోలేనప్పుడు తేడా పట్టుకోగలరు. జ్వరం చూడడం పెద్దవాళ్ల పని, కుక్క మామూలు వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. మనకన్నా ఎక్కువే కాబట్టి ఒళ్లు వెచ్చగా ఉందని కంగారుపడొద్దు.

నొప్పితో ఉన్న కుక్క మనవాళ్లనైనా కరవవచ్చు. పొట్ట నొక్కి చూడకండి, మూతి దగ్గర మొహం పెట్టకండి, మూలన పడుకుంటే పడుకోనివ్వండి. శుభ్రం చేసే పని అమ్మానాన్నలకు వదిలేసి మీరు చేతులు సబ్బుతో కడుక్కోండి, కొన్ని సూక్ష్మజీవులు, పురుగుల గుడ్లు మనకూ అంటుకుంటాయి.

మీరు చేయగలిగిన అసలైన సాయం ఒక నోటుపుస్తకం. ఎన్నింటికి కక్కింది, అందులో ఏముంది, పొట్ట ఎగదన్ని కక్కిందా లేక తిన్న వెంటనే ఊరికే బయటికి జారిపోయిందా, విరేచనం ఎన్నిసార్లు, చివరిగా మూత్రం ఎప్పుడు పోసింది, ముందురోజు ఏం తింది, అన్నీ టైముతో రాయండి. కొద్దికొద్దిగా పదేపదే ముక్కుతూ జిగురుతో వెళితే పెద్దపేగు గొడవ, తక్కువసార్లు ఎక్కువ మొత్తంలో నీళ్లలా వెళితే చిన్నపేగు గొడవ అని డాక్టరు మీ రాత చూసే ఊహించగలరు. అసహ్యమనిపించినా ఒక ఫోటో తీసి పెట్టండి.

ఇంకో పని. చుక్కను ఎత్తుకుని తూకం మీద నిలబడమని నాన్నతో చెప్పండి, అందులోంచి నాన్న బరువు తీసేసి నాకు ఫోన్లో చెప్పండి. నీళ్ల లెక్క వేసి ఇస్తాను. దాన్నీ, డాక్టరు నంబరునూ, రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి నంబరునూ ఒకే కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. చెత్తబుట్టకు మూత ఉన్నది కొనమని అమ్మతో నేనే మాట్లాడతాను.

మీ తాతయ్య