ఒకే ఇంటి తలుపు, ఏళ్ళ తరబడి

తైవాన్‌లోని తైచుంగ్ నగరంలో 1962-63లో కుటుంబ నియంత్రణ గురించి ఒక పెద్ద ప్రయోగం జరిగింది. నగరమంతా సుమారు 2,400 చిన్న వాడలు, ఒక్కో వాడలో ఇరవై దాకా ఇళ్ళు. ఇక్కడి దంపతుల్లో చాలామంది తమకు కావలసినంత మంది పిల్లలు పుట్టేశారని, ఇక చాలని సర్వేల్లో ముందే చెప్పారు. ఎలా ఆపాలో వారికి తెలియదు. ఆ సమాచారాన్ని వారికి ఏ దారిలో చేర్చాలన్నదే ప్రశ్న. కొన్ని వాడల్లో గోడపత్రాలు తప్ప మరేమీ లేవు. కొన్నింటికి ఉత్తరాలు పంపారు. కొన్నింటిలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వెళ్ళి భార్యతో మాట్లాడారు, మరికొన్నింటిలో భార్యాభర్తలిద్దరితోనూ మాట్లాడారు.

ఉత్తరాల వల్ల పెద్దగా ఫలితం లేదు. భార్యతో మాత్రమే మాట్లాడినా, ఇద్దరితో మాట్లాడినా దాదాపు ఒకే ఫలితం వచ్చింది. అసలు విశేషం వేరే ఉంది. కార్యకర్తలు గడప తొక్కని వాడల నుంచి కూడా స్త్రీలు పెద్ద సంఖ్యలో ఆసుపత్రులకు వచ్చారు. కబురు ఆ నోటా ఈ నోటా పాకిపోయింది. నా దృష్టిలో ఈ ప్రయోగంలో అన్నిటికంటే విలువైన సంగతి ఇదే. ఎంతమంది పిల్లలు కావాలన్న సొంత నిర్ణయం కూడా నాలుగు గోడల మధ్యే పుట్టదు. పక్కింటివారు ఏమంటున్నారు, ఎదురింటివారు ఏం చేశారు అన్నవి అందులో కలిసే ఉంటాయి.

ఈ పరిశోధనను నడిపినవారిలో ముఖ్యుడు రొనాల్డ్ ఫ్రీడ్‌మన్. అమెరికాలో ఆన్ ఆర్బర్ పట్టణంలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1961లో జనాభా అధ్యయన కేంద్రాన్ని స్థాపించింది ఆయనే. అమెరికాలోనే ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి కేంద్రం 1936 నుంచే ఉంది. జనాభా లెక్కలు ప్రభుత్వాలు ఎలాగూ తీస్తాయి. తలలు లెక్కపెట్టినంత మాత్రాన అంతుచిక్కని ప్రశ్నల కోసం పుట్టినవి ఈ కేంద్రాలు. ఎందుకు ఒకరు తొందరగా పెళ్ళాడతారు, మరొకరు ఆలస్యంగా? పల్లె వదిలి ఎవరు వెళ్తారు, ఎవరు ఉండిపోతారు? ఒక్కసారి వెళ్ళి అడిగితే జవాబు దొరకదు. అవే ఇళ్ళకు, అదే మనుషుల దగ్గరకు మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి.

అలా వెళ్ళిన అధ్యయనం ఒకటి డెట్రాయిట్ ప్రాంతంలో జరిగింది. 1961లో బిడ్డను కన్న తల్లులను ఎంచుకుని, 1962లో వారితో మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ పిల్లలకు పద్దెనిమిదేళ్ళు వచ్చాక, 1980లో, వారినీ పలకరించారు. 1985లో మళ్ళీ వెళ్ళారు. అప్పుడు ఒక చిక్కు ఎదురైంది. గడిచిన ఐదేళ్ళలో ఏ నెలలో చదువు మానేశారు, ఎప్పుడు ఉద్యోగంలో చేరారు, ఎప్పుడు ఇల్లు మారారు అంటే ఎవరికి గుర్తుంటుంది?

అందుకు వారు తయారుచేసుకున్న పనిముట్టు జీవిత చరిత్ర క్యాలెండర్. పెద్ద కాగితం మీద ఒక దిక్కున నెలలు, సంవత్సరాలు, మరో దిక్కున పెళ్ళి, పిల్లలు, చదువు, ఉద్యోగం, నివాసం. మొదట బాగా గుర్తుండేవాటిని నింపుతారు. పెళ్ళి తేదీ, బిడ్డ పుట్టిన నెల ఎవరూ మరచిపోరు. వాటిని పట్టుకుని మిగతావి అడుగుతారు: 'పాప పుట్టేనాటికి ఆ ఉద్యోగంలోనే ఉన్నారా? ఈ ఇంటికి వచ్చింది అంతకు ముందా, తర్వాతా?' ఒక గడి నిండితే పక్క గడి జ్ఞాపకానికి వస్తుంది. రెండు గడులు పొసగకపోతే చెబుతున్నవారే గమనించి సరిదిద్దుకుంటారు. ఇది నిజంగా పనిచేస్తుందా అన్నదానికి పరీక్ష కూడా చేతిలోనే ఉంది. 1980 గురించి 1985లో గుర్తుచేసుకుని చెప్పినదాన్ని, 1980లో స్వయంగా చెప్పినదానితో పోల్చి చూశారు. చాలా వరకు సరిపోయింది. కాగితం, పెన్సిలు, ఓపిక తప్ప మరేమీ అక్కరలేని ఈ పద్ధతిని నేను సామాజిక శాస్త్రంలోని గొప్ప ఆవిష్కరణల్లో ఒకటిగా లెక్కిస్తాను.

ఇదే క్యాలెండర్ తర్వాత నేపాల్‌లోని చిత్వాన్ లోయకు చేరింది. 1950లకు ముందు అది మలేరియా పీడించే దట్టమైన అడవి. అడవి నరికి, దోమలను అదుపు చేశాక కొండ ప్రాంతాల నుంచి రైతులు వచ్చి స్థిరపడ్డారు. తర్వాత రోడ్లు, బస్సులు, బడులు, ఆసుపత్రులు ఒక్కొక్కటిగా వచ్చాయి. సమాజశాస్త్రవేత్త విలియం ఆక్సిన్ బృందం 1996లో అక్కడ అధ్యయనం మొదలుపెట్టి, మనుషులకే కాదు, వాడలకూ ఇలాంటి చరిత్ర రాసింది. ఏ ఏడు బడి తెరిచారు, ఏ ఏడు బస్సు వచ్చింది అన్నది వాడవారీగా నమోదైంది.

ఆక్సిన్, ఆయన తోటి పరిశోధకురాలు జెనిఫర్ బార్బర్ 2001లో ప్రచురించిన ఫలితం ఆశ్చర్యపరుస్తుంది. చిన్నప్పుడు బడికి దగ్గరగా ఉన్న స్త్రీలు పెద్దయ్యాక శాశ్వత కుటుంబ నియంత్రణ పద్ధతిని ఎంచుకునే అవకాశం చాలా ఎక్కువ. ఆ స్త్రీ బడికి వెళ్ళిందా లేదా అన్నదానితో దీనికి పెద్దగా సంబంధం లేదు! బడి గుమ్మం ఎక్కని అమ్మాయి జీవితాన్నీ ఆ బడి మార్చింది. తైచుంగ్‌లో నోటి మాట చేసినదాన్ని ఇక్కడ ఒక కట్టడం చేసిందన్నమాట.

ఇలాంటి ఫలితం అచ్చయ్యే లోపు చాలా అగ్నిపరీక్షలు దాటాలి. జనాభా కేంద్రాల్లో వారం వారం జరిగే సెమినార్లు అందుకే. పూర్తికాని పనిని సహచరుల ముందు పెట్టడమే అక్కడి ఆనవాయితీ. ఆర్థికవేత్తలు, సమాజశాస్త్రవేత్తలు, గణాంక నిపుణులు, ప్రజారోగ్యం చదివినవారు ఒకే గదిలో ఉంటారు. చిత్వాన్ ఫలితం లాంటిది వింటే వారిలో ఎవరైనా మొదట అడిగేది ఇదే: బడిని కలిగినవారున్న వాడల్లోనే కట్టారేమో, ప్రభావం బడిది కాక డబ్బుదేమో? ఆ వెంటనే ఇంకొకటి: మధ్యలో ఊరు విడిచి వెళ్ళినవారు లెక్కలో ఉన్నారా? వారు మిగిలినవారి కంటే భిన్నమైతే మీ ఫలితం తారుమారు కాదా?

ఈ రెండో ప్రశ్న దీర్ఘకాల అధ్యయనాలకు ప్రాణసంకటం. మిషిగన్ విశ్వవిద్యాలయంలోనే 1968లో దాదాపు 5,000 అమెరికన్ కుటుంబాలతో మొదలైన ఆదాయ అధ్యయనం నేటికీ సాగుతోందంటే, ఇల్లు వదిలి వెళ్ళిన పిల్లలను కూడా వెంబడించడమే కారణం. చిత్వాన్‌లోనూ అంతే. 1996 నాటి కుటుంబాల పిల్లలు ఎందరో ఇప్పుడు గల్ఫ్ దేశాల్లో, మలేసియాలో పనిచేస్తున్నారు. పరిశోధకులు వారి నంబర్లు సంపాదించి, ఫోనులో పలకరించి, వలస వెళ్ళినవారి జీవితాన్నీ అదే చరిత్రలో చేరుస్తున్నారు.