ట్యూడర్, స్టువర్ట్ చరిత్రలు చదివేవాళ్లకు: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌ను ఏలిన ట్యూడర్, స్టువర్ట్ రాజుల మీద పుస్తకాలకు కరువు లేదు. చాలావరకు నవలల్లా చదివిస్తాయి. చిక్కు కూడా అక్కడే. దస్తావేజులో ఉన్న మాట, యాభై ఏళ్ల తర్వాత పుట్టిన పుకారు, రచయిత ఊహ, మూడూ ఒకే ధాటిలో సాగిపోతాయి. ఏది ఏదో చదివేవాళ్లే విడదీసుకోవాలి.

అపోహ: కొటేషన్లలో పెట్టారంటే అప్పటివాళ్లు అన్న మాటలే.

వాస్తవం: అన్నిసార్లూ కాదు. ఎనిమిదో హెన్రీ కాలపు ఉత్తరాలూ ప్రభుత్వ పత్రాలూ ‘లెటర్స్ అండ్ పేపర్స్’ పేరుతో 1862 నుంచి 21 సంపుటాలుగా అచ్చయ్యాయి. ఈ కాలం మీద రాసేవాళ్లు ముందు తెరిచేది వాటినే. అయితే అందులో ఉన్నవి చాలావరకు పూర్తి పాఠాలు కావు, విక్టోరియా కాలంలో మొదలుపెట్టి సంపాదకులు తమ ఇంగ్లీషులో కుదించి రాసిన సారాంశాలు.

ఉదాహరణకు హెన్రీ రెండో భార్య ఆన్ బొలిన్‌నే తీసుకోండి. ఆమె గురించి ప్రచారంలో ఉన్న కబుర్లలో పెద్ద భాగం ఐదో చార్లెస్ చక్రవర్తి రాయబారి యూస్టస్ షాప్వీ ఉత్తరాల నుంచి వచ్చింది. హెన్రీ వదిలేసిన రాణి కేథరిన్ ఈ చార్లెస్‌కు స్వయానా పిన్ని. కాబట్టి షాప్వీ ఎటు మొగ్గుతాడో వేరే చెప్పక్కర్లేదు. ఆన్‌ను పేరు పెట్టి కాక తరచూ ‘ఉంపుడుగత్తె’ అని ప్రస్తావించేవాడు. ఎవరో చెప్పింది విని ఆయన ఫ్రెంచిలో రాశాడు, గుట్టుగా ఉంచాల్సింది గూఢలిపిలో పెట్టాడు. మూడు వందల ఏళ్లు దాటాక ఒకరు దాన్ని ఇంగ్లీషులో కుదించారు. ఆ కుదింపే ఇవాళ కొటేషన్లలో కనిపిస్తుంది.

పట్టుకోవడం కష్టమేం కాదు. పుస్తకం చివరి నోట్సు తిప్పండి. సంపుటం సంఖ్య, పక్కన అంశం సంఖ్య మాత్రమే ఉంటే మీరు చదివింది సారాంశమని అనుమానించాలి. బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్ వెబ్‌సైట్‌లో అదే సంఖ్య తెరిస్తే ఎవరు ఎవరికి రాశారో, తాను చూసి రాశాడో విని రాశాడో తెలుస్తుంది. అసలు నోటే లేకపోతే ఆ సంభాషణను కథ కింద జమ కట్టుకోవడం మేలు.

ఎంత నమ్మాలన్నది సాక్షికీ సంఘటనకూ మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. ఆన్‌కు ఆరు వేళ్లన్న మాట నికొలస్ సాండర్ పుస్తకంలోది. అది అచ్చయింది 1585లో. ఆన్ తల తెగింది 1536లో, అప్పటికి సాండర్ పసివాడు. పైగా ఆన్ కూతురు మొదటి ఎలిజబెత్ ప్రభుత్వానికి ఎదురు తిరిగి దేశం విడిచిన కేథలిక్కు. 1588లో టిల్బరీలో సైనికుల ముందు ఎలిజబెత్ చేసిన ప్రసంగం సంగతి కాస్త వేరు. మనం చదివే పాఠం లయనెల్ షార్ప్ 1620ల్లో రాసిన ఉత్తరంలోది, అచ్చయింది 1654లో. ఆమె మాట్లాడలేదని కాదు, సరిగ్గా ఈ మాటలే అందని ఖాయంగా చెప్పలేం, అంతే.

అపోహ: కనీసం తేదీలనైనా కళ్లు మూసుకుని నమ్మొచ్చు.

వాస్తవం: తప్పులు ఎక్కువ దొర్లేది తేదీల్లోనే. అప్పటి ఇంగ్లండ్‌లో అధికారికంగా సంవత్సరం మారేది మార్చి 25న. మొదటి చార్లెస్ మరణశిక్ష ఆజ్ఞాపత్రం చూడండి: కింద 59 సంతకాలు, ముద్రలు, పైన తేదీ 1648 జనవరి 29. మర్నాడే తల నరికారు, మన లెక్కలో అది 1649. ఎలిజబెత్ పోయిన 1603 మార్చి 24 వాళ్ల లెక్కలో 1602కు చివరి రోజు. స్కాట్లండ్ మాత్రం 1600 నుంచే జనవరి 1కి మారింది, దాంతో గందరగోళం రెట్టింపు.

ఇది కాక పది రోజుల తేడా ఒకటుంది. 1582లో కేథలిక్ దేశాలు కొత్త క్యాలెండర్ పట్టాయి, ఇంగ్లండ్ 1752 దాకా పట్టలేదు. డచ్చి పాలకుడు విలియం సేనతో ఇంగ్లండ్ తీరంలోని టోర్బేలో దిగింది ఇంగ్లండ్ లెక్కలో 1688 నవంబరు 5, హాలండ్ లెక్కలో 15. మన మచిలీపట్నంలోనూ ఇదే తంతు. 17వ శతాబ్దంలో ఒకే రోజున డచ్చి వర్తకులు వేసుకున్న తేదీ ఇంగ్లీషు వాళ్ల తేదీ కన్నా పది రోజులు ముందుంటుంది.

అందుకని జనవరి 1 - మార్చి 24 మధ్య తేదీ కనిపిస్తే ఏడాదిని సరిచూసుకోండి. ‘1648/49’ అని రాసిన రచయిత మీ పని తగ్గించినట్టే. విదేశీ రాయబారి ఉత్తరం ఇంగ్లండ్‌లో సంఘటన కన్నా ఆలస్యంగా కనిపిస్తే, లెక్కలోంచి పది రోజులు తీసి చూడండి. 1700 మార్చి నుంచి పదకొండు తీయాలి.

అపోహ: రోమ్‌లోని పోప్‌తో తెగతెంపులయ్యాక హెన్రీ ప్రొటెస్టెంట్ అయిపోయాడు.

వాస్తవం: 1540 జులై 30న లండన్‌లోని స్మిత్‌ఫీల్డ్‌లో ముగ్గురు ప్రొటెస్టెంట్లను తగలబెట్టారు, పోప్ పక్షాన నిలిచిన ముగ్గురిని ద్రోహులని ఉరితీశారు. ఒకే రాజు, ఒకే రోజు.

అపోహ: ఎసెక్స్ ప్రభువంటే ఒక్కరే.

వాస్తవం: బిరుదు చేతులు మారుతుంది. 1540 ఏప్రిల్‌లో ఎసెక్స్ ఎర్ల్ అయి జులైలో తల పోగొట్టుకున్నవాడు థామస్ క్రామ్‌వెల్. 1601లో తల పోగొట్టుకున్నవాడు రాబర్ట్ డెవెరో. 1642లో రాజు మీదికి పార్లమెంటు సేనను నడిపినవాడు ఆ రాబర్ట్ కొడుకు, అతని పేరూ రాబర్టే. మరోవైపు ఎలిజబెత్ మంత్రి విలియం సెసిల్ 1571లో బర్లీ ప్రభువయ్యాడు. ఆ సంగతి గుర్తులేకపోతే ఇద్దరు మంత్రులనుకుంటాం. పుస్తకంలో ఒక చీటీ పెట్టుకుని అసలు పేరు, బిరుదు, అది దక్కిన ఏడాది రాసుకుంటే సరిపోతుంది.

అపోహ: రెండో జేమ్స్‌ను దించి విలియంను గద్దె ఎక్కించిన 1688 విప్లవం నెత్తురు చుక్క లేకుండా ముగిసింది.

వాస్తవం: ఇంగ్లండ్ వరకే చూస్తే దాదాపు నిజం. స్కాట్లండ్‌లో 1689లో కిల్లిక్రాంకీ, ఐర్లండ్‌లో 1690లో బోయిన్, 1691లో ఆఘ్రిమ్ యుద్ధాలు జరిగాయి. ఆఘ్రిమ్‌లో వేలల్లో చనిపోయారు. కొనేముందు పుస్తకం వెనక ఇండెక్సులో ఆఘ్రిమ్, ఐర్లండ్‌లో ముట్టడికి గురైన లిమరిక్ పేర్ల కోసం వెతకండి. రెండూ లేకపోతే ఆ రచయిత కథను లండన్‌లోనే ఆపేశాడన్నమాట.