ప్లాబ్-2 గురించి మన డాక్టర్లలో తిరిగే అపోహలు - వాస్తవాలు

బయటి దేశాల్లో చదివిన డాక్టర్లు బ్రిటన్‌లో పనిచేయాలంటే రాసే పరీక్ష ప్లాబ్. అందులో రెండు భాగాలు. ప్లాబ్-1తో పెద్ద చిక్కు ఉండదు. 180 ప్రశ్నలు, 3 గంటలు, హైదరాబాద్‌లోనే రాసి రావచ్చు. ప్లాబ్-2కి మాత్రం మాంచెస్టర్ వెళ్లాల్సిందే. 16 స్టేషన్లు, అంటే 16 కేసులు, ఎక్కువగా నటులే రోగులుగా ఉంటారు. ఒక్కోదానికి 8 నిమిషాలు, లోపలికి వెళ్లేముందు తలుపు దగ్గర చదువుకోడానికి 90 సెకన్లు. వీసా, విమానం టికెట్టు, అక్కడ బస, అన్నిటికీ ఇంట్లోవాళ్లు అప్పు చేసి పంపడం చూస్తూనే ఉన్నాను. అందుకే విజయవాడలో నా కోచింగ్‌కు వచ్చే డాక్టర్లు ఎవరో చెప్పిన తప్పు మాటను నమ్మి వచ్చారంటే మనసుకు కష్టంగా ఉంటుంది.

అపోహ: తెలుగు యాస వినపడితే మార్కులు పోతాయి.

వాస్తవం: యాసకు మార్కుల్లేవు. ఇంగ్లిష్ వచ్చో రాదో ఐఈఎల్‌టీఎస్‌లోనో ఓఈటీలోనో ముందే తేలిపోయి ఉంటుంది. మనవాళ్లకు నిజంగా అడ్డుపడేవి రెండు: వేగం, పుస్తకం భాష. గుంటూరు జీజీహెచ్ ఓపీలో 'గుండెకు రక్తం పోయే నాళం మూసుకుపోయిందమ్మా' అని చక్కగా చెప్పే డాక్టరే, ఇంగ్లిష్‌లోకి రాగానే 'మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్' అంటాడు. నా క్లాసులో ప్రతి జబ్బునూ ముందు తెలుగులో, తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు చెప్పినట్టు చెప్పిస్తాను. ఆ తర్వాతే ఇంగ్లిష్. తేడా ఆ పూటే కనపడుతుంది.

అపోహ: సానుభూతి వాక్యాలు బట్టీ పడితే చాలు.

వాస్తవం: ఎక్కువమందిని ముంచేది ఇదే. ప్రతి స్టేషన్‌నూ మూడు అంశాల్లో చూస్తారు: వివరాలు రాబట్టడం, పరీక్ష చేయడం ఒకటి, వైద్య నిర్ణయాలు ఒకటి, రోగితో మెలిగే తీరు ఒకటి. ఒక్కోదానికి గరిష్ఠంగా 4 మార్కులు. మూడోది విడిగా ఉందని దానికోసం నాలుగు వాక్యాలు దాచుకుని వస్తారు. కానీ రోగి మీతో మనసు విప్పకపోతే మొదటి రెండూ దెబ్బతింటాయి.

ఒక ఉదాహరణ. మొదటిసారి ఫిట్స్ వచ్చిన టాక్సీ డ్రైవర్. బండి నడపకూడదని, లైసెన్సులు చూసే డీవీఎల్‌ఏకు తెలియజేయాలని అతనికి చెప్పాలి. ఈ నియమం అందరికీ తెలుసు. అందరూ చెప్తారు కూడా, హెచ్చరికలాగా. అతను 'మరి ఇల్లెలా గడుస్తుంది?' అనగానే 'మీ బాధ నాకు అర్థమైంది' అనేసి, అదే ఊపులో 'మందులేమైనా పడవా?' అని అడుగుతారు. ఆ మనిషికి ఏం అర్థమవుతుంది? తన మాట ఎవరూ వినలేదని. అక్కడ ఆగాలి. ఇంట్లో ఎవరెవరున్నారో, ఎన్నాళ్లు నెట్టుకురాగలడో, యజమానితో మాట్లాడాడో అడగాలి. అది అడిగినప్పుడే, రాత్రుళ్లు నిద్ర లేకుండా నడుపుతున్నాననో, మందు ఎక్కువగా తాగుతున్నాననో బయటికి చెప్తాడు. మీకు కావలసిన కేసు వివరం అందులోనే ఉంటుంది.

అపోహ: మన ప్రభుత్వాసుపత్రి అనుభవం అక్కడ పనికిరాదు.

వాస్తవం: క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీలు చేసిన హౌస్‌సర్జన్‌కు ముందు శ్వాస, తర్వాత రక్తప్రసరణ అని ఎవరూ నేర్పక్కర్లేదు. అది పెద్ద ఆస్తి. మార్చుకోవలసింది ఒక అలవాటు. మనం మంచం మీద ఉన్న మనిషిని వదిలేసి పక్కనున్న కొడుకుతో మాట్లాడతాం. 'అమ్మకు చెప్పకండి డాక్టర్‌గారూ' అంటే సరే అంటాం. అది ప్రేమతో అడిగే మాటే, ఆ కొడుకును నేను తప్పుపట్టను. కానీ బ్రిటన్‌లో, అర్థం చేసుకుని నిర్ణయించుకునే స్థితిలో రోగి ఉన్నంతవరకు ఆ సమాచారం రోగిది. ఆమె ఒప్పుకుంటేనే కొడుకుకు చెప్పాలి. అలాగని 'చెప్పకూడదు' అని మొహం మీద తలుపు వేసినా మార్కులు రావు. ఆయన భయమేమిటో వినాలి, అమ్మను అడిగి, ఆమె ఒప్పుకుంటే ముగ్గురం కూర్చుని మాట్లాడదామని చెప్పాలి. మాక్ పరీక్షల్లో మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, కాబట్టి దీన్ని పదేపదే చేయిస్తాను.

అపోహ: సీనియర్‌ని పిలుస్తానంటే చేతకానివాడనుకుంటారు.

వాస్తవం: అక్కడ ఫౌండేషన్ (మెడిసిన్ అయ్యాక చేసే రెండేళ్ల శిక్షణ) రెండో సంవత్సరం మొదలుపెట్టే డాక్టర్ స్థాయినే చూస్తారు. ఆ స్థాయిలో ఎప్పుడు పిలవాలో తెలియడం నైపుణ్యమే. మీరు చేయగలిగింది చేశాక పిలవండి, మొదటి నిమిషంలోనే కాదు.

అపోహ: ఒక స్టేషన్ పోతే అంతా పోయినట్టే.

వాస్తవం: కాదు. మొత్తం మార్కులు నిర్ణీత స్థాయి దాటాలి, దాంతోపాటు కనీసం ఇన్ని స్టేషన్లు పాసవ్వాలని ఉంటుంది. పోయినదాన్ని తలుచుకుంటూ నిలబడితే తర్వాతి తలుపు దగ్గరి 90 సెకన్లు కూడా పోతాయి.

అపోహ: కోచింగ్ లేకపోతే, పాత స్టేషన్ల లిస్టు దొరక్కపోతే కష్టం.

వాస్తవం: కోచింగ్ నడిపే నేనే చెప్తున్నాను, తప్పనిసరి కాదు. ముగ్గురు స్నేహితులు, ఒక గది, ఫోన్‌లో టైమర్. ఒకరు డాక్టర్, ఒకరు రోగి, ఒకరు ఎగ్జామినర్. రోగిగా కూర్చోవడం ఎవరూ తప్పించుకోవద్దు, ఎదుటి డాక్టర్ ఎక్కడ వినడం మానేశాడో ఆ కుర్చీలోనే తెలుస్తుంది. ఇక లిస్టుల జోలికి పోవద్దు. పరీక్షలో వచ్చినవి బయటపెట్టడం ఈ పరీక్ష పెట్టే జనరల్ మెడికల్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. పైగా లిస్టు చదివినవాళ్లు ఎదురుగా ఉన్న రోగిని వదిలేసి, తాము చదివిన రోగికి జవాబులిస్తారు.

ప్లాబ్-1 పాసైన రెండేళ్లలోగా ప్లాబ్-2 పూర్తిచేయాలి. అలాగని సీటు ఖాళీ కనపడగానే బుక్ చేసేయకండి. పరిచయం లేని ఎవరినైనా రోగిగా కూర్చోబెట్టి 16 స్టేషన్లూ ఒకే పూటలో వరసగా చేసి చూసుకున్నాకే తేదీ తీసుకోండి.