పట్టాభి గారి జీవితం: బడి బోర్డుల మీద కనిపించే అపోహలు, అసలు వాస్తవాలు

పుట్టినరోజు నవంబరు 24 దగ్గరపడితే ఏలూరు, భీమడోలు వైపు బడుల్లో స్వాతంత్ర్య సమరయోధుడు, కాంగ్రెసు నాయకుడు డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి మీద వ్యాసాలు, బోర్డులు తయారవుతాయి. స్థానిక చరిత్ర రాసే మా దగ్గరికి సరిచూడమని వచ్చేవాటిలో ఏటా అవే తప్పులు. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత అన్నది చూసుకోకపోవడం వల్లే చాలావరకు వస్తున్నాయి.

అపోహ: ఆయనది బందరు.
వాస్తవం: ప్రాక్టీసు పెట్టింది బందరులో. పుట్టింది 1880లో, డెల్టా పడమటి అంచున కొల్లేటికి దగ్గర్లో ఉన్న గుండుగొలనులో. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడిందే 1925లో, ఏలూరు జిల్లా 2022లో. అందుకని "నేటి ఏలూరు జిల్లా, భీమడోలు మండలం" అని రాస్తే పేచీ ఉండదు.

అపోహ: గాంధీ పిలుపు విని వైద్యం మానేసి రాజకీయాల్లోకి వచ్చారు.
వాస్తవం: సహాయ నిరాకరణ 1920 నాటి మాట. మద్రాసులో ఎం.బి.సి.ఎం. చదివిన ఈ డాక్టరు అంతకు పదేళ్ల ముందే కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు గార్లతో కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. 1912-13లో భాషా రాష్ట్రాల కోసం పత్రికల్లో రాశారు. 1916లో లక్నో కాంగ్రెసులో ఆంధ్రకు విడి కాంగ్రెసు శాఖ అడిగారు. గాంధీ ఒప్పుకోలేదు, తిలక్ బలపరిచారు, 1918లో శాఖ వచ్చింది. బాగా సాగుతున్న ప్రాక్టీసు వదులుకున్న మాట మాత్రం నిజమే.

అపోహ: సుభాష్ చంద్రబోసు చేతిలో ఓడాక ఆయన పని అయిపోయింది.
వాస్తవం: 1939లో కాంగ్రెసు అధ్యక్ష పదవికి జరిగిన పోటీ నుంచి మౌలానా ఆజాద్ తప్పుకోవడంతో బరిలో పట్టాభి మిగిలారు. ఓటేసింది ప్రతినిధులు, జనం కాదు. బోసుకు 1580, పట్టాభికి 1377. తేడా 203 ఓట్లే. ఆ ఓటమి తనదేనని గాంధీ అనడంతో అంకెలు మరుగున పడ్డాయి. 1942లో అరెస్టయి మూడేళ్లు అహ్మద్‌నగర్ కోటలో ఉన్నారు. (కాంగ్రెసు చరిత్ర రాసింది అక్కడే అంటుంటారు. అది 1935లోనే అచ్చయింది.) 1948లో పురుషోత్తమదాస్ టాండన్‌ను ఓడించి కాంగ్రెసు అధ్యక్షుడయ్యారు.

అపోహ: ఆంధ్ర రాష్ట్రానికి అడ్డుపడ్డారు.
వాస్తవం: అన్నిటికన్నా మొండిగా నిలిచిన అపోహ ఇదే. జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభి కలిసిన జేవీపీ సంఘం 1949లో భాషా రాష్ట్రాలను మొత్తానికి వాయిదా వేయమంది గానీ, ఆంధ్రకు వెసులుబాటు ఇచ్చింది. షరతు ఒక్కటే: మద్రాసు నగరం మీద ఆశ వదులుకోవాలి. మనవాళ్లకు మింగుడుపడనిది ఆ షరతు. ఆయన సంతకాన్ని తప్పుపట్టేవాళ్లు పట్టొచ్చు, కానీ రాష్ట్రమే వద్దన్నారనడం తప్పు. పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచిన 1952 డిసెంబరుకు పట్టాభి మధ్యప్రదేశ్ గవర్నరు.

అపోహ: ఆయన స్థాపించిన ఆంధ్రా బ్యాంకు మొదటినుంచీ సర్కారు బ్యాంకు.
వాస్తవం: 1923 నవంబరు 28న బందరులో మొదలైంది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు, అధీకృత మూలధనం పది లక్షలు. జాతీయం చేసింది 1980లో. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మీద ఈ ముక్క కూడా రాయండి, లేకపోతే ఆ బ్యాంకు ఎక్కడుందని పిల్లలు అడుగుతారు.