గ్రహశకలాల వేట: అపోహలు - వాస్తవాలు

అపోహ: విద్యార్థుల గ్రహశకలాల వేట కార్యక్రమంలో సర్టిఫికెట్ వచ్చింది, అంటే శకలాన్ని కనుగొన్నట్టే.

ఊళ్లో ఫ్లెక్సీ కట్టే ముందు ఆ కాగితం మీద ‘ప్రాథమిక’ అనే మాట ఉందేమో చూడండి. విద్యార్థుల కార్యక్రమాల్లో పెద్ద టెలిస్కోపు తీసిన నాలుగేసి ఫొటోలు ఇస్తారు. వాటిలో కదిలే చుక్కను పట్టుకుని నివేదిక పంపాలి. మంచి శిక్షణే, కాదనం. కానీ అది తొలి మెట్టు. శకలాల పరిశీలనలను నమోదు చేసే అమెరికాలోని మైనర్ ప్లానెట్ సెంటర్‌కు మామూలుగా కనీసం రెండు రాత్రుల కొలతలు చేరితేనే 2024 వైఆర్4 లాంటి తాత్కాలిక గుర్తు వస్తుంది (వై అంటే డిసెంబరు రెండో సగం). ఇంకొన్నేళ్ల పరిశీలనలతో కక్ష్య గట్టిపడ్డాక శాశ్వత సంఖ్య ఇస్తారు. పేరు సూచించే హక్కు ఆ తర్వాతే. డబ్బు కడితే పేరు పెట్టిస్తామనే వాళ్లను నమ్మొద్దు.

అపోహ: ఫొటోల్లో చుక్క కదిలితే చాలు.

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే శకలం సూర్యుడికి ఎదురుదిక్కున ఉన్న రోజుల్లో నిమిషానికి సుమారు అర ఆర్క్‌సెకండు (ఆర్క్‌సెకండు అంటే డిగ్రీలో 3,600వ వంతు) జరుగుతుంది. పాత గణితం మాటల్లో అర వికల. మీ కెమెరాలో ఒక పిక్సెల్‌కు 1.5 ఆర్క్‌సెకండ్లు అనుకుందాం. నిమిషానికొకటి చొప్పున నాలుగు ఫొటోలు తీసేస్తే చుక్క కదిలేది ఒక్క పిక్సెల్. అది ఫొటోలోని గరుకు చుక్కల్లో (నాయిస్) కలిసిపోతుంది. 20 నిమిషాల ఎడం ఇస్తే గంటలో 20 పిక్సెళ్లు, తిన్నటి గీత మీద, సమాన దూరాల్లో.

టెలిస్కోపు నక్షత్రాల వెంట తిరిగే ట్రాకింగ్ కాస్త జారితే హాట్ పిక్సెల్ (సెన్సర్ లోపంతో ఎప్పుడూ మెరిసే చుక్క) కూడా అచ్చం అలాగే నడుస్తుంది! నక్షత్రాలను ఒకదానిమీద ఒకటి కుదిర్చి పేర్చినప్పుడు జరిగే మోసం ఇది. పేర్చని ఫొటోలు తెరిచి చూడండి. నాలుగిటిలోనూ చుక్క సెన్సర్ మీద ఒకే చోట ఉంటే అది ఆకాశంలోది కాదు. టెలిస్కోపుకు మూత పెట్టి డార్క్ ఫ్రేములు తీసి ఉంటే ఈ తంటా చాలావరకు తప్పేది.

ఇక టైము. పొలంలో నెట్ లేని ల్యాప్‌టాప్ గడియారం కొన్ని సెకన్లు తప్పడం మామూలే. భూమికి దగ్గరగా వచ్చిన శకలం నిమిషానికి 10 ఆర్క్‌సెకండ్లు పరుగెడుతుంటే, 6 సెకన్ల తప్పు ఒక ఆర్క్‌సెకండు తప్పవుతుంది. 60 సెకన్ల ఎక్స్‌పోజరుకు మధ్య క్షణం బదులు మొదలైన క్షణం రాసేస్తే ఏకంగా 5 ఆర్క్‌సెకండ్లు. ఫోన్ హాట్‌స్పాట్‌తోనో జీపీఎస్‌తోనో గడియారం సరిచేసుకోండి. నివేదికలో భారత కాలమానం కాదు, దానికి ఐదున్నర గంటలు తగ్గించిన యూనివర్సల్ టైమ్ ఉండాలి.

ఇంత చేశాక తెలిసినవాటి జాబితాతో పోలిస్తే, దాదాపు ప్రతిసారీ అది పాతదే అని తేలుతుంది.

అపోహ: 8 అంగుళాల టెలిస్కోపుతో కొత్తవి దొరుకుతాయి.

తొలకరికి జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లకు కాస్త ఆశ ఉంటుంది. ఇక్కడ ఆకాశమనే చేనంతా యంత్రాలు ముందే జల్లెడ పట్టేశాయి. చిలీలో 8.4 మీటర్ల రూబిన్ టెలిస్కోపు 2025 జూన్‌లో చూపించిన తొలి ఫలితాల్లో, పది గంటల పరిశీలనకే 2,104 కొత్త శకలాలు తేలాయి. చిన్న టెలిస్కోపుకు ఉన్న అసలు పని తెలిసినవాటిని కొలవడం, వెలుగు హెచ్చుతగ్గుల నుంచి భ్రమణకాలం తీయడం. తోకచుక్కల దారి కొంచెం వేరు. సౌరకుటుంబం బయటి నుంచి వచ్చిన తోకచుక్కను 2019 ఆగస్టు 30న ఔత్సాహిక పరిశీలకుడు బోరిసోవ్ తాను తయారు చేసుకున్న 65 సెంటీమీటర్ల టెలిస్కోపుతోనే పట్టాడు.

అపోహ: మన సీమ నుంచి ఏం కనిపిస్తుంది?

బాగా కనిపిస్తుంది. అనంతపురం అక్షాంశం 14.7 డిగ్రీలు. అందుకే శకలాలు ఎక్కువగా తిరిగే క్రాంతివృత్తంలో (ఏడాది పొడవునా సూర్యుడు నడిచినట్టు కనిపించే దారి) ఏ భాగమైనా ఆకాశంలో బాగా ఎత్తుకు చేరిన వేళ క్షితిజానికి 50 డిగ్రీల పైనే ఉంటుంది. యూరప్ వాళ్లకు ఆ వీలు లేదు. ఇబ్బందల్లా జూన్ నుంచి మబ్బులు, ఎండాకాలం దుమ్ము. జనవరి నుంచి మార్చి దాకా రాత్రులు వాడుకోండి. మనకు దక్షిణాన తమిళనాడులో ఉన్న కావలూరు అబ్జర్వేటరీలో 1988 ఫిబ్రవరి 17న దొరికిన శకలమే 4130 రామానుజన్.

అపోహ: ఇది రాత్రంతా ఆకాశం చూసే ఉద్యోగం.

మన దేశంలో ‘శకలాలు కనుగొనేవాడు’ అనే పోస్టు లేదు. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ, జెస్ట్ లాంటి ప్రవేశ పరీక్ష, బెంగళూరు ఐఐఏ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్)లోనో అహ్మదాబాద్ పీఆర్ఎల్ (ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ)లోనో పీహెచ్‌డీ: మామూలు దారి ఇది. రోజువారీ పని పైథాన్ కోడు, కొలతలకు బాగా నప్పే కక్ష్యను తీసే లీస్ట్ స్క్వేర్స్ లెక్కలు. డిగ్రీలో ఈ రెంటినీ పక్కన పెట్టినవాళ్లు పీహెచ్‌డీ మొదటి ఏడాదంతా అవి నేర్చుకోవడానికే సరిపెడతారు.