సోఫా కడగడం కాదు, ఆరబెట్టడమే అసలు పని: కొన్ని అపోహలు – వాస్తవాలు

సోఫాలు, పరుపులు శుభ్రం చేయడం నా వృత్తి. దసరా, సంక్రాంతి దగ్గర పడితే ఫోన్ మోగుతూనే ఉంటుంది. "మురికి పట్టింది, రండి" అనే వాళ్లకంటే "మేమే కడుక్కున్నాం, ఇప్పుడు వాసన వస్తోంది" అనేవాళ్లతోనే మాకు పని ఎక్కువ. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: షాంపూ నురగ పెట్టి బాగా కడిగితేనే సోఫా శుభ్రమవుతుంది.

బట్టలైతే జాడిస్తాం, పిండుతాం. సోఫాను పిండలేం కదా. పోసిన సబ్బునీళ్లు గుడ్డ దాటి ఫోమ్‌లోకి దిగిపోతాయి. మర్నాడు చెయ్యి పెట్టి చూస్తే పైన పొడిగానే ఉంటుంది, లోపల తడి మాత్రం అలాగే ఉంటుంది. వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో అది అంత తేలిగ్గా ఆరదు. ముందు ముక్కిన వాసన, తర్వాత బూజు.

ఇంకో చిక్కు ఉంది. ఆ తడి ఆరేటప్పుడు పైకే వస్తుంది. వస్తూ వస్తూ లోపలి మురికిని కూడా మోసుకొచ్చి గుడ్డ మీద గోధుమరంగు చారలుగా వదిలేస్తుంది. "మరక పోయింది, రెండ్రోజులకు మళ్లీ వచ్చింది" అని చెప్పేది చాలాసార్లు దీని గురించే. పైగా గుడ్డలో మిగిలిపోయిన సబ్బు జిగటకు కొత్త దుమ్ము ఇట్టే అంటుకుంటుంది. కడిగిన సోఫా ఇంకా తొందరగా మాసిపోయేది అందుకే.

మెషీన్‌తో మేం చేసేదాంట్లో కూడా నీళ్లు కొట్టడం తక్కువ, లాగడం ఎక్కువ. ఒకసారి స్ప్రే చేస్తే, అదే చోట రెండు మూడు సార్లు ఒట్టి సక్షన్ పెట్టాలి. తడి కారుతుండగానే "ఫ్యాన్ వేసుకోండి మేడమ్" అని సామాను సర్దుకునేవాళ్లకు డబ్బులివ్వకండి.

ఇంట్లో మీరు చేయాల్సింది వారానికోసారి వ్యాక్యూమ్, ముఖ్యంగా కుషన్ల సందుల్లో. అక్కడ చేరిన సన్నటి ఇసుకే మనం కూర్చున్నప్పుడల్లా దారాన్ని కోస్తుంటుంది. షోరూమ్ సోఫా అయితే కుషన్ కింద ట్యాగ్ వెతకండి. డబ్ల్యూ అంటే నీళ్లు వాడొచ్చు. ఎస్ అంటే నీళ్లు తగలకూడదు, డ్రైక్లీనింగ్ ద్రావకమే వాడాలి. రెండక్షరాలూ ఉంటే ఏదైనా ఫర్వాలేదు. ఎక్స్ ఉంటే వ్యాక్యూమ్ తప్ప ఇంకేమీ వద్దు. వడ్రంగి చేత చేయించుకున్న సోఫాకు ట్యాగ్ ఉండదు కాబట్టి వెనక కనపడని చోట తడి తెల్లగుడ్డ అద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే అక్కడే ఆపేయండి.

అపోహ: మరక పడగానే వేడినీళ్లతో గట్టిగా రుద్దాలి.

రుద్దితే మరక వెడల్పవుతుంది, వెల్వెట్ అయితే నూగు కూడా పోతుంది. పొడి గుడ్డతో అంచు నుంచి మధ్యకు అద్దుతూ రావాలి. పాలు, గుడ్డు, రక్తం మరకలకు చన్నీళ్లే వాడాలి. వేడి తగిలితే వాటిలోని మాంసకృత్తులు గడ్డకట్టి దారాన్ని పట్టేసుకుంటాయి.

మన ఇళ్లలో అసలు తలనొప్పి పసుపు. పులుసు ఒలికిన చోట సబ్బు పెట్టగానే ఎర్రగా మారుతుంది, ఇంట్లో అందరికీ టెన్షన్. క్షారం తగిలితే పసుపు రంగు మారుతుంది, అంతే. దానికి కంగారుపడి బ్లీచ్ పోయకండి. ముందు చెంచాతో గీకి తీసి, నూనె పీల్చుకునేలా టాల్కం పౌడర్ చల్లి ఓ 20 నిమిషాలు వదిలేయండి. దులిపాక, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కప్పు నీళ్లలో కలిపి అద్దండి, తర్వాత ఒట్టి నీళ్లతో అద్దండి. మిగిలిన పసుపు ఛాయ వెలుతురుకే వెలిసిపోతుంది. ఆ కుషన్‌ను కిటికీ దగ్గర పెట్టండి, చాలు.

అపోహ: వంటసోడా, వెనిగర్ కలిపితే తిరుగులేదు.

బుసబుసా పొంగడం చూడ్డానికి బాగుంటుంది. అది ఒట్టి కార్బన్ డయాక్సైడ్. ఒకటి క్షారం, ఇంకోటి ఆమ్లం. కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుని ఉప్పునీళ్ల లాంటిది మిగులుతుంది. వాసనకు పొడి సోడా చల్లి వ్యాక్యూమ్ చేయడం మాత్రం మంచి పద్ధతే.

అపోహ: లెదర్ సోఫాకు కొబ్బరినూనె రాస్తే పొట్టు రాలదు.

ముందు అది లెదరో రెక్సినో చూడండి. పొట్టు ఊడిన చోట అడుగున అల్లిన గుడ్డ కనిపిస్తే రెక్సిన్. దాని మీద ఉండే పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పూతను గాలిలోని తేమ, వేడి కలిసి నెమ్మదిగా విరిచేస్తాయి. నూనె దాన్ని అతికించలేదు. తల ఆనించే చోటే ముందు పాడవుతుంది చూడండి, అది మన తలనూనె ఘనకార్యమే. అక్కడో టవల్ వేసుకోండి. పొట్టు రాలడం మొదలైందంటే ఇక గుడ్డ మార్చడమే, క్లీనింగ్‌కు డబ్బు దండగ.

అపోహ: టేకుకు చెదలు పట్టవు.

చేవకు, అంటే లోపలి గట్టి చెక్కకు పట్టవు అనడం దాదాపు నిజమే. కానీ చౌకగా చేసిన మంచాల్లో బయటి తెల్లచెక్క కూడా కలుపుతారు, దాన్ని చెదలు వదలవు. కిరోసిన్ పూస్తే పైన ఉన్నవి పోతాయి, గోడలోంచి వచ్చే మట్టిదారి అలాగే ఉంటుంది. అసలు మందు కొట్టాల్సింది అక్కడ. సన్నటి రంధ్రాల్లోంచి పిండి రాలుతుంటే అది చెద కాదు, పుచ్చు పురుగు. దానికి మందు ఆ రంధ్రాల్లోకే ఎక్కించాలి.

లక్క పాలిష్ చేసిన పాత బల్లలు ఉన్నవాళ్లకు ఒక్క మాట. శానిటైజర్‌తో తుడవకండి. దాంట్లోని స్పిరిట్‌లో లక్క కరుగుతుంది.

అపోహ: పరుపు ఏదైనా మండుటెండలో వేయాల్సిందే.

బూరుగుదూది, పత్తి పరుపులకు ఎండ దివ్యౌషధం. తేమ పోతుంది, దూది విచ్చుకుంటుంది. ఫోమ్, లేటెక్స్ పరుపులను మాత్రం ఎండ పసుపు పచ్చగా, పెళుసుగా చేస్తుంది. వాటిని గాలి ఆడే నీడలో నిలబెట్టండి.

అపోహ: ఉప్పునీళ్లలో నానబెడితే కలంకారీ దుప్పట్ల రంగు దిగదు.

అద్దకం వేళ రంగు పట్టకపోతే ఇంట్లో ఉప్పు దాన్ని పట్టించలేదు. అంతకంటే ముఖ్యం, సహజరంగుల కలంకారీ మీద నిమ్మరసం, వెనిగర్ పడనీయకండి. అందులోని నలుపు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లకు కరక్కాయ తోడై వచ్చిన రంగు. పులుపు తగిలిన చోట అది చెదిరిపోతుంది. చన్నీళ్లు, మెత్తటి సబ్బు వాడి, నానబెట్టకుండా విడిగా ఉతికి, తిరగేసి నీడలో ఆరేయండి.